చెరకు కోతకు వెళ్ళిన వడ్రంగులు

హోనొలులూ నగరంలో మాన్యువల్ నూనెస్ అనే వడ్రంగి తాను చేసిన వాద్యాల లోపల ఒక చీటీ అంటించేవాడు. తన పేరు కింద ‘ఉకులేలేను కనిపెట్టినవాడు’ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగిలిన నిజంలో మరో ఇద్దరు వడ్రంగులకు, ఒక ఓడకు, హవాయి కొండల్లో పెరిగే ఒక చెట్టుకు వాటా ఉంది.

నాలుగు తీగల ఈ చిన్న వాద్యాన్ని కొనకుండా ఇంట్లోనే చేసుకోవాలని సరదాపడేవాళ్ళు మొదట అడిగేది ‘ఏయే పనిముట్లు కొనాలి?’ అనే. ఆ జవాబు అంగడి జాబితాల్లో కంటే వాద్యం పుట్టిన కథలోనే బాగా దొరుకుతుంది. ఉకులేలే కోసమని ఎవరూ ప్రత్యేకంగా పనిముట్లు చేయించలేదు. బల్లలు, బీరువాలు చేసే వడ్రంగి సంచిలోంచే అది బయటికొచ్చింది.

పంట పోతే ఓడెక్కారు

మదీరా అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కు చెందిన ద్వీపం. ద్రాక్ష సారాయికి పేరు. 1870లలో ఫిలోక్సెరా అనే పురుగు పట్టి అక్కడి ద్రాక్షతోటలు నాశనమయ్యాయి. అదే కాలంలో, 1875లో అమెరికాతో కుదిరిన ఒప్పందం వల్ల హవాయి పంచదారకు గిరాకీ పెరిగింది. చెరకు తోటలకు మనుషులు చాలలేదు. 1878 నుంచి మదీరా జనం ఓడల్లో హవాయికి కదిలారు. వానల్లేక చేను బీడుపడితే కువైటుకు విమానం ఎక్కిన కుటుంబాలున్న కడప జిల్లా వాళ్ళకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

1879 ఆగస్టు 23న రావెన్‌స్క్రాగ్ అనే ఓడ 419 మంది మదీరా వలసకూలీలు, వాళ్ళ కుటుంబాలతో హోనొలులూ చేరింది. జోవాన్ ఫెర్నాండెస్ అనే ప్రయాణికుడు దిగీదిగగానే ‘మషేట్’ అనే బుల్లి గిటారు పట్టుకుని పాడాడని చెబుతారు. సెప్టెంబరు మొదటి రోజులకే, మదీరా వాళ్ళు రాత్రిపూట వీధుల్లో కచేరీలు చేస్తున్నారని స్థానిక పత్రిక రాసింది.

అదే ఓడలో ముగ్గురు వడ్రంగులు ఉన్నారు: మాన్యువల్ నూనెస్, జొజే దో ఎస్పిరితో సాంతో, అగుస్తో దియాస్. ఊళ్ళో కుర్చీలు, బీరువాలు చేసేవాళ్ళు. ఒప్పందం ప్రకారం వచ్చింది మాత్రం చెరకు తోటల పనికి. గడువు తీరాక ముగ్గురూ నగరం చేరి, 1880ల మధ్యకల్లా సొంత దుకాణాలు పెట్టుకున్నారు. సామాన్ల మరమ్మతుతో పాటు తమ ద్వీపపు వాద్యాలు కూడా చేసి అమ్మడం మొదలుపెట్టారు.

మూడు పాతవాటి నుంచి ఒక కొత్తది

వాళ్ళు చేసింది అచ్చంగా మషేట్ కాదు. ఒంటి కొలత మషేట్‌ది. శ్రుతి మాత్రం ‘రజావ్’ అనే మరో మదీరా వాద్యానిది. రజావ్‌కు ఐదు తీగలు. అందులో ఒకటి వదిలేసి మిగిలిన నాలుగింటి శ్రుతిని ఈ చిన్న ఒంటికి పెట్టారు. చెక్క హవాయిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని కోవా చెట్టుది. ఒడ్డూపొడవూ ఒకచోటివి, స్వరం ఇంకోచోటిది, కట్టె వచ్చిచేరిన నేలది. ఆవిష్కరణ అనేది చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కూడా అంతే. విదేశీ వాద్యానికి ఉన్న నాలుగు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టించుకుని, దాన్ని గమకాలు పలికే కర్ణాటక వాద్యంగా మార్చుకున్నాడు.

హవాయి రాజు కలాకావుఆకు ఈ కొత్త వాద్యం నచ్చింది. 1886లో జరిగిన ఆయన యాభయ్యో పుట్టినరోజు ఉత్సవాల్లో హులా నాట్యానికి దాన్ని పక్కవాద్యంగా మోగించారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా–పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మందిరం ముందు జనం గుమిగూడారు. ఆ తర్వాత అమెరికా అంతటా ఉకులేలే పిచ్చి పట్టుకుంది.

పనిముట్ల సంగతి ఎత్తుకునేముందు తెలుసుకోవలసిన ఒక వైఫల్యం ఆ ప్రదర్శనకు ముందే జరిగింది. పెన్సిల్వేనియాలోని మార్టిన్ కంపెనీ గిటార్ల తయారీలో మహా పేరున్నది. వాళ్ళు 1907లో ప్రయోగంగా కొన్ని ఉకులేలేలు చేశారు. గిటారుకు చేసినట్టే స్ప్రూస్ చెక్క పైపలక వేసి, లోపల బలమైన అడ్డకర్రలు బిగించారు. పనితనంలో లోపం లేదు, కానీ స్వరం పలకలేదు. ఉకులేలే తీగల లాగుడు గిటారు ఉక్కుతీగల లాగుడులో చిన్న భాగం మాత్రమే. ఆ కాస్త బలానికి కదలాలంటే పైపలక పలచగా, లోపలి కర్రలు తేలిగ్గా ఉండాలి. కంపెనీ ఆ సంగతి గ్రహించి, బరువు తగ్గించి, 1916 ప్రాంతంలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వాటి అమ్మకాలు ఊపందుకున్నాయి. అంటే ఇంట్లో ఉకులేలే చేసేవాడి అసలు పని పలుచన చేయడం. పనిముట్లను ఆ ఒక్క పనిని దృష్టిలో పెట్టుకునే ఎంచుకోవాలి.

నేలమాళిగలో అనాసపండు

నూనెస్ దగ్గర పని నేర్చుకున్న శామ్యూల్ కమకా 1916లో హోనొలులూలోని తన ఇంటి నేలమాళిగలో ఉకులేలేలు చేయడం మొదలుపెట్టాడు. ఆ కుటుంబ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఇంట్లో చేసే పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కొన్నేళ్ళకు ఆయన నడుము నొక్కు లేని, కోడిగుడ్డు ఆకారపు ఉకులేలే చేశాడు. చూసినవాళ్ళు అనాసపండులా ఉందన్నారు. ఆ పేరే స్థిరపడింది. 1928లో దానికి పేటెంటు వచ్చింది.

ఆ ఆకారంలో ఇంటి పనివాడికి పెద్ద మేలు ఉంది. ఎనిమిది అంకె ఆకారపు ఒంటికి పక్కచెక్కను బయటికోసారి, నడుము దగ్గర లోపలికోసారి వంచాలి. పెళుసు చెక్క పుటుక్కున విరిగేది ఆ నడుము దగ్గరే. అనాస ఆకారానికి ఒకవైపే మెల్లగా వంపు. ఆకారాన్ని బట్టి పనిముట్ల జాబితా తగ్గుతుందన్నమాట. ఇంకా తగ్గించుకోవాలంటే సిగార్ పెట్టె ఉకులేలే ఉండనే ఉంది. ఖాళీ చెక్కపెట్టెకు మెడ తగిలించి తీగలు కట్టడం పాతకాలం నుంచీ పేదవాళ్ళ పద్ధతి. దానికి వంచే పనే లేదు.

బొబ్బిలి దారి, మదీరా దారి

తెలుగునేల మీద తీగవాద్యాలకు పుట్టిల్లంటే బొబ్బిలి. అక్కడికి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్ళు తరతరాలుగా పనస మానుతో వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏకాండి వీణ అంటే కుండ, దండి అన్నీ ఒకే మొద్దు నుంచి తీసినది. గొడ్డలి, బాడిస, ఉలి, ఈ వరసలో చెక్కుకుంటూ, తొలుచుకుంటూ పోతారు. చెక్కను వంచరు, కావలసిన ఆకారం మిగిలేదాకా అక్కరలేనిది తీసేస్తారు.

ఉకులేలేది రెండో దారి. చెక్కను రెండు మిల్లీమీటర్లకు పలుచన చేసి, వేడితో వంచి, అంచుకు అంచు అతికి పెట్టెలా కడతారు. ఉలి పని తగ్గుతుంది. దాని బదులు తోపడ, వేడి గొట్టం, బిగింపులు ముందుకొస్తాయి. మొద్దును తొలిచి వాద్యం చేసే అలవాటు దక్షిణ అమెరికాలో చరాంగోకూ ఉంది కాబట్టి, బాడిస చేతికి అలవాటైన మేస్త్రి ఆ దారిలో ఉకులేలే చేసినా తప్పులేదు. ఇంట్లో మొదటిసారి చేసేవాడికి మాత్రం పలకల దారే తేలిక.

మరో తేడా మెట్లలో ఉంది. వీణకు 24 కంచు మెట్లను మైనం, బొగ్గుపొడి కలిపిన మేళం మీద నిలబెడతారు. స్వరం తేడా వస్తే మైనం వేడిచేసి మెట్టును జరపవచ్చు. ఉకులేలే మెట్లు రంపపు గాడిలో దిగి కూర్చుంటాయి. ఒకసారి తప్పు కోస్తే ఆ పలక మళ్ళీ చేయాల్సిందే. కాబట్టి కొలిచే పనిముట్టు విషయంలో వీణ మేస్త్రికి ఉన్న వెసులుబాటు ఉకులేలే చేసేవాడికి లేదు.

సంచిలో ఏముండాలి

మొదట పలుచన చేసే పని. దానికి తోపడ కావాలి. అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన రోమన్ల పాంపేయీలో కూడా తోపడలు దొరికాయి, అంత పాత పనిముట్టు అది. చెక్క తోపడలో బ్లేడును వాలుగా చెక్కిన చెక్కముక్కతో బిగించి, సుత్తితో తట్టి దించాలి. అనుభవజ్ఞుడి చేతిలో అది చాలు. కొత్తవాడికి మాత్రం ఇనుప తోపడ మేలు. లెనార్డ్ బెయిలీ అనే అమెరికన్ 19వ శతాబ్దం మధ్యలో మర తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి దిగే ఏర్పాటు కనిపెట్టాడు. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన హక్కులు కొనుక్కుంది. ఇవాళ అంగళ్ళలో దొరికే ఇనుప తోపడలన్నీ దాదాపు ఆ నమూనావే. పెద్ద పలకను రెండు మూడు మిల్లీమీటర్ల పలకలుగా చీల్చే పనికి బ్యాండ్ సా కొనక్కరలేదు. ఊళ్ళోని సామిల్లులో నాలుగు మిల్లీమీటర్లకు కోయించి తెచ్చుకుని, మిగతాది తోపడతో చిత్రిక పట్టవచ్చు.

పలుచన ఎంత వచ్చిందో కళ్ళతో తెలియదు. పియెర్ వెర్నియే 1631లో కనిపెట్టిన జారుడు కొలబద్దకు వారసుడైన వెర్నియర్ క్యాలిపర్ తప్పనిసరి. చిన్న సొప్రానో ఉకులేలే పైపలక రెండు మిల్లీమీటర్లకు కాస్త లోపే ఉండాలి. అంతకు సగం మిల్లీమీటరు మందమైనా మార్టిన్ కంపెనీ 1907 పాఠం మళ్ళీ నేర్చుకోవాలి.

రెండోది వంచడం. నడిచే పద్ధతి సులువైనదే: అడ్డంగా బిగించిన ఇనుప గొట్టాన్ని లోపలి నుంచి వేడిచేసి, తడిపిన పలుచని చెక్కను దాని మీద మెల్లగా తిప్పుతూ వంచడం. తడికి, వేడికి చెక్కలోని నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడుతుంది, చల్లారితే ఆ వంపులోనే గట్టిపడుతుంది. గొట్టం మీద చిలకరించిన నీళ్ళు దోసె పెనం మీద లాగా ఎగిరెగిరి పడితే వేడి సరిపోయినట్టు. జస్తా పూత ఉన్న నీళ్ళ పైపు మాత్రం వాడకూడదు. మంట తగిలితే ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి చెడ్డది. పూత లేని ఇనుప గొట్టమే వాడాలి.

మూడోది మెట్ల గాళ్ళు కోయడం. ఇక్కడ లెక్క ముందు, రంపం తర్వాత. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో ఒక సూత్రం రాశాడు: మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు దగ్గర మెట్టు పెట్టుకుంటూ పోవాలని. అసలు లెక్క ప్రకారం భాగహారం 18తో కాదు, 17.817తో. సొప్రానో ఉకులేలే తీగ పొడవు 345 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి మెట్టు 19.36 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 172.5 దగ్గర ఉండాలి. గెలీలీ లెక్కతో కోస్తే అది 171.24 దగ్గర పడుతుంది. మిల్లీమీటరు పైచిలుకు తేడా. ఇంత చిన్న వాద్యంలో ఆ తేడా చెవికి తెలుస్తుంది.

కోసే రంపం పళ్ళ మందం మెట్టు తీగ కాడకు సరిపోవాలి, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. గాడి వెడల్పయితే మెట్టు వదులవుతుంది, ఇరుకయితే మెడ వెనక్కి వంగుతుంది. డబ్బు పెట్టి కొనవలసిన ప్రత్యేక పనిముట్టు ఏదైనా ఉంటే అది ఈ రంపమే. గాళ్ళను తిన్నగా గీయడానికి చిన్న మూలమట్టం, మెట్టును దించడానికి చిన్న సుత్తి, అంచులు నునుపు చేయడానికి సన్నటి ఆకురాయి దానికి తోడు.

మిగతావి వడ్రంగి సంచిలోవే: పావు అంగుళం, అర అంగుళం ఉలులు, చెక్క కొడతి, బరమా, సానరాయి. గరుకు కాగితం అంటించి ఒంటి అంచులు సమం చేసుకోవడానికి చదునైన బల్ల కావాలి. దానికి ఇక్కడి వాళ్ళు ఎక్కడికీ పోనక్కరలేదు. పాలిష్ పెట్టిన కడప బండ ముక్కను స్కేలు నిలబెట్టి పరీక్షించి, వెలుతురు సందుల్లోంచి రాకపోతే తెచ్చుకోవచ్చు. తుది నునుపుకు గాజుపెంకుతో గీకడం మన మేస్త్రులకు తెలిసిన పద్ధతే.

బిగింపులకు జనం అనవసరంగా ఎక్కువ ఖర్చు పెడతారు. లోపలి అంచుపట్టీలు అతికేటప్పుడు డజన్ల కొద్దీ బట్టల క్లిప్పులు చాలు, పట్టు చాలకపోతే రబ్బరు బ్యాండు చుట్టవచ్చు. పైపలక కింద కర్రలు అతికేటప్పుడు పలకకు, పైన అరకు మధ్య వెదురు బద్దల్ని విల్లులా వంచి నిలబెడితే అవే నొక్కి పడతాయి. పాశ్చాత్య వాద్య తయారీదారులు కూడా ఈ పద్ధతి వాడతారు.

జిగురు విషయంలో నూనెస్ కాలపు వడ్రంగులు తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవాళ్ళు. మనకు 1959లో వచ్చిన ఫెవికాల్ ఆ వాసన నుంచి విముక్తి ఇచ్చింది. ఇంటి పనికి అది చాలు. అయితే తెల్ల జిగురు ఎక్కువ వేడికి మెత్తబడుతుంది. తీగలు బిగించిన ఉకులేలేను మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదిలితే తీగల లాగుడుకు అతుకులు జారుతాయి.

ఇక్కడి కట్టె, ఇక్కడి ఎండ

నల్లమల, లంకమల, వెలికొండల మధ్య ఉన్న కడప జిల్లా బద్వేలులో వాద్యం మాట వస్తే ఎర్రచందనం గుర్తుకు రాక మానదు. జపాన్ వాళ్ళ మూడు తీగల వాద్యం షామిసెన్‌లో మేలిరకం వాటికి మెడ మన ఎర్రచందనంతోనే చేస్తారు. కానీ ఆ చెట్టును అనుమతి లేకుండా కొట్టినా, తరలించినా నేరం. చెక్క నీళ్ళలో మునిగేంత బరువు, పైపలకకు పనికిరాదు. ఆశ వదులుకోవడమే మంచిది.

కోవాకు దూరపు బంధువు మన పొలం గట్ల మీదే ఉంది. నల్లతుమ్మ, కోవా రెండింటినీ వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం ఒకే ప్రజాతిలో పెట్టారు. బండిచక్రాలకు, నాగళ్ళకు వాడిన ఆ గట్టి తుమ్మ మెట్ల పలకకు, తీగల వంతెనకు బాగుంటుంది. ఒంటికి మాత్రం బరువు ఎక్కువ. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే టేకు తలుపు చెక్క ఒంటికి మంచిది, దశాబ్దాల ఎండకు ఆరి కుదురుకుని ఉంటుంది. కోసేముందు దాంట్లో విరిగిన మేకులు లేవని చూసుకోవాలి. మేకు తగిలితే తోపడ బ్లేడు పళ్ళు పడుతుంది.

పని కాలం కూడా ఒక పనిముట్టే. చెక్క తేమకు ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుంటుంది, అదీ నారకు అడ్డంగా. వానాకాలంలో తేమతో ఉన్న పైపలకను అతికేస్తే, వేసవి పొడిగాలికి అది కుంచించుకోవడానికి చోటులేక చీలుతుంది. పొడి నెలల్లో అతికితే వానాకాలంలో కాస్త ఉబ్బినా చీలదు. రాయలసీమ ఎండను తిట్టుకునేవాళ్ళు వాద్యం అతికేటప్పుడు మాత్రం దాన్ని మెచ్చుకోవచ్చు.

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన వరుస

ఏ పనికైనా కావలసినవి ముందు జాబితా రాసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బద్వేలుకు దగ్గరి పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు అది. రోజుకు వెయ్యిమంది మనుషులు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేస్తే పూర్తయిందని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని ఆ శాసనం వరుసపెట్టి చెబుతుంది. నీరు, నేల, రాయి, కట్ట అన్నీ చెప్పి, చివర్లో పని తెలిసిన మనుషుల బృందాన్నీ ఒక అంగంగా లెక్కేసింది.

ఉకులేలేకూ ఆ లెక్కే వర్తిస్తుంది. మొదటి వాద్యాన్ని చెక్కపెట్టెతో, ఇంట్లో ఉన్న పనిముట్లతో చేయాలి. దానికి మెట్ల రంపం, క్యాలిపర్ తప్ప ఏదీ కొనక్కరలేదు. రెండోది అనాస ఆకారంలో, వేడి గొట్టంతో. నడుము ఉన్నది మూడోసారికి. పని మధ్యలో ఏ పనిముట్టు లేక చేయి ఆగిందో దాన్నే కొనాలి. ఆన్‌లైన్‌లో కనబడిన ప్రతి సాధనమూ ముందే తెప్పించుకుంటే సంచి నిండుతుంది గానీ వాద్యం రాదు.

వీటన్నిటి కంటే ముందు చేయవలసిన ఖర్చు ఒకటుంది. ఊళ్ళో తలుపులు, మంచాలు చేసే మేస్త్రి దగ్గర కొన్ని రోజులు కూర్చుని ఉలికి, తోపడ బ్లేడుకు సాన పట్టడం నేర్చుకోవడం. ఆయనకు ఉకులేలే తెలియకపోవచ్చు. రావెన్‌స్క్రాగ్ దిగిన ముగ్గురికీ అప్పటికి ఉకులేలే తెలియదు. పదును తెలుసు.